ఉగాది ప్రోగ్రాం పనులు – శుక్రవారం మధ్యాహ్నంలోగా
(లండన్ చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్ల గ్రూపు, టైములు బ్రిటన్‌వి)

స్లౌ బాబాయ్, బుధవారం రాత్రి 7:05
అందరికీ నమస్కారం. శనివారం ప్రోగ్రాంకి మిగిలిన పనులు ఇవి. పార్కింగ్ దగ్గర నిలబడటానికి నలుగురు కావాలి. పచ్చడికి ఎండు వేపపువ్వు, మామిడికాయలు సౌతాల్ నుంచి ఎవరో ఒకరు తేవాలి. గ్రీన్ రూంలో పిల్లల దగ్గర ఇద్దరు అక్కలు ఉండాలి. ఎల్ఈడీ వాల్ వీడియోలు శుక్రవారం మధ్యాహ్నం 12 లోపు వాళ్ల చేతికి వెళ్లాలి. ఎవరు ఏది చేస్తారో కింద రాయండి.

హ్యారో అక్క, 7:12
గ్రీన్ రూం నేను చూసుకుంటా.

విజయవాడ తమ్ముడు, 7:20
బాబాయ్ గారూ, వీడియోలు రెడీ. కానీ మీ ఇంట్లో ఉన్న మన స్టోరేజీ బాక్సుకి వీపీఎన్ (నెట్‌లో మన ప్రైవేటు దారి) మీద ఎక్కిస్తుంటే చాలా నెమ్మదిగా వెళ్తున్నాయి. మొత్తం 48 జీబీ. సెకనుకి 250 కేబీ దాటడం లేదు. ఇలాగే వెళ్తే 53 గంటలు చూపిస్తోంది.

హౌన్స్లో వదిన, 7:24
53 గంటలా! అంటే శుక్రవారం అర్ధరాత్రి దాటుతుంది. మధ్యాహ్నం 12 తర్వాత ఇస్తే టెస్ట్ చేయడం కుదరదని ఎల్ఈడీ వాళ్లు నాకు ఖరాఖండీగా చెప్పారు. పిల్లల డ్యాన్సులన్నిటికీ వెనక బ్యాక్‌డ్రాప్ అదే. అది లేకపోతే నల్ల తెర ముందు ఆడాల్సిందే.

సౌతాల్ మామయ్య, 7:31
ఇంత కష్టం ఎందుకు? గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపమనండి.

హ్యారో అక్క, 7:33
కుదరదు మామయ్య గారూ. పిల్లల వీడియోలు మన స్టోరేజీ దాటి ఎక్కడికీ వెళ్లవని ఫారంలో రాసి, తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించుకున్నది నేను. రేపు ఎవరైనా అడిగితే మాట పోయేది నాదే.

సౌతాల్ మామయ్య, 7:36
మాట నిలబడాలి సరే, ప్రోగ్రాం కూడా నిలబడాలి కదమ్మా. పోనీ మా అత్తగారు శుక్రవారం హైదరాబాద్ నుంచి వస్తున్నారు, హార్డ్ డిస్క్ పంపమనండి.

హౌన్స్లో వదిన, 7:37
ఆవిడ ఫ్లైట్ దిగేది మధ్యాహ్నం రెండింటికి కదా మామయ్య గారూ.

రెడింగ్ అన్న, 7:40
తమ్ముడూ, ముందు వీపీఎన్ తీసేసి నీ అప్‌లోడ్ స్పీడ్ చూడు. బాబాయ్, మీ ఇంటి కనెక్షన్ డౌన్‌లోడ్ ఎంత వస్తోందో చూసి చెప్పండి. సమస్య మీ ఇంటి నెట్‌దే అయి ఉండొచ్చు.

స్లౌ బాబాయ్, 7:44
70 ఎంబీపీఎస్ వస్తోంది. ప్రతిసారీ మా ఇంటి నెట్ మీదే పడతారు. ఆ బాక్సు అటక మీద పెట్టుకుని, కరెంటు బిల్లు, నెట్ బిల్లు నా జేబులోంచి కడుతున్నా. ఒక్కరు అడగలేదు. ఇష్టం లేకపోతే వచ్చి పట్టుకెళ్లండి.

హ్యారో అక్క, 7:46
బాబాయ్, ఆయన తప్పు పట్టడం లేదు, కారణం వెతుకుతున్నారు. బిల్లుల సంగతి నేను కమిటీలో పెడతాను, అది న్యాయమే.

విజయవాడ తమ్ముడు, 7:49
అన్నా, వీపీఎన్ లేకుండా నాకు అప్‌లోడ్ 90 ఎంబీపీఎస్. వీపీఎన్‌లో బాబాయ్ గారి స్టోరేజీకి పింగ్, అంటే వెళ్లి తిరిగొచ్చే టైం, 190 మిల్లీసెకన్లు.

రెడింగ్ అన్న, 7:58
అయితే రెండు ఇళ్ల నెట్‌లోనూ లోపం లేదు బాబాయ్. రౌటర్ కూడా చూశాను, సీపీయూ 20 శాతం దగ్గరే ఉంది, ఎన్‌క్రిప్షన్ భారం కూడా కాదు. తమ్ముడూ, వీపీఎన్‌లో ఐపెర్ఫ్3 (స్పీడ్ కొలిచే టూల్) పెట్టి ముందు ఒక స్ట్రీమ్‌తో, అంటే ఒక్క కనెక్షన్‌తో, తర్వాత ఎనిమిదితో చూడు.

విజయవాడ తమ్ముడు, 8:06
ఒకదానితో 2 ఎంబీపీఎస్, అంటే సెకనుకి ఆ 250 కేబీయే. ఎనిమిదితో మొత్తం కలిపినా అదే 2.

రెడింగ్ అన్న, 8:15
దొరికింది. ఒక్కో స్ట్రీమ్‌కి హద్దు ఉంటే ఎనిమిది పెట్టినప్పుడు మొత్తం పెరగాలి. పెరగలేదంటే హద్దు టన్నెల్‌కే, అంటే మొత్తం వీపీఎన్ దారికే ఉంది. మన ఓపెన్‌వీపీఎన్ టీసీపీ (అందిందని జవాబు అడిగే పద్ధతి) 443 పోర్ట్ మీద నడుస్తోంది. దీపావళికి హాల్ వైఫై యూడీపీని (జవాబు కోసం ఆగని పద్ధతి) అడ్డుకుంటే అలా మార్చాం. ఆ పాత వెర్షన్‌లో బఫర్ 64 కేబీ. అంత పంపి, అందిందని జవాబు వచ్చేదాకా ఆగాలి. లోతు బావిలో చిన్న చేదతో తోడినట్టు: బావిలో నీళ్లు ఎన్ని ఉన్నా చేద పైకి వచ్చి మళ్లీ దిగే టైం మనకి దెబ్బ. 64 కేబీ, 190 మిల్లీసెకన్లు అంటే లెక్క ప్రకారం గరిష్ఠంగా 2.8 ఎంబీపీఎస్. పైగా టీసీపీలో టీసీపీ: ఒక ప్యాకెట్ పోతే లోపలిదీ బయటిదీ రెండూ సరిచేయబోయి ఇంకా ఆలస్యం చేస్తాయి. దీన్ని యూడీపీ 1194కి మారుద్దాం. బాబాయ్, మీ రౌటర్‌లో ఆ పోర్ట్ తెరవాలి. ఫోన్ చేస్తున్నా, ఎత్తండి.

స్లౌ బాబాయ్, 8:17
ఎత్తుతా. ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నా.

హౌన్స్లో వదిన, 8:20
తమ్ముడూ, నీకు అక్కడ రెండవుతోంది, తెల్లారితే ఉగాది. ఇంట్లో ఏమీ అనడం లేదు కదా?

విజయవాడ తమ్ముడు, 8:22
అమ్మ ఇందాకే కేకలేసి పడుకుంది వదినా. పర్లేదు, అయ్యాకే పడుకుంటా.

రెడింగ్ అన్న, 8:41
ఇంకో మాట. 48 జీబీ ఎందుకైంది? ప్రోరెస్ ఫార్మాట్‌లో తీశావా?

విజయవాడ తమ్ముడు, 8:43
అవునన్నా, ప్రోరెస్ 422, 1080, 25 ఫ్రేములు. క్వాలిటీ తగ్గిస్తే ఇన్ని వారాల పని పాడైనట్టే. నేను ఒప్పుకోను.

రెడింగ్ అన్న, 8:47
నీ పని పాడు చేయమని నేనెందుకు చెప్తాను? ప్రోరెస్ సుమారు 122 ఎంబీపీఎస్. ఎడిటింగ్‌కి అది కావాలి, నిజమే. వాల్ మీద ఆడించడానికి హెచ్.264 అనే చిన్న ఫార్మాట్‌లో 20 ఎంబీపీఎస్ ఇస్తే వాళ్ల ప్రాసెసర్‌కి సరిపోతుంది, సైజు 8 జీబీకి దిగుతుంది. ముందు అది పంపు. ప్రోరెస్ వారం తర్వాత నెమ్మదిగా మన ఆర్కైవ్‌లోకి రానీ. ఒక డ్యాన్స్ తీసి నువ్వే పక్కపక్కన పెట్టి చూసుకో.

విజయవాడ తమ్ముడు, 9:10
చూశానన్నా. టీవీ మీద తేడా కనపడలేదు. ఎక్స్‌పోర్ట్ పెట్టేశా.

రెడింగ్ అన్న, 9:35
యూడీపీ అయింది. కనెక్షన్ కట్ చేసి మళ్లీ కలుపు.

విజయవాడ తమ్ముడు, 9:44
కలిసింది. చిన్న ఫైళ్లు టకటకా వెళ్తున్నాయి. పెద్ద ఫైలు మొదలవగానే సున్నా దగ్గర ఆగిపోతోంది.

రెడింగ్ అన్న, 9:52
ప్యాకెట్ సైజు సమస్య. వీపీఎన్ తీసేసి, ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి పింగ్ కొట్టు. 1472 తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రా.

విజయవాడ తమ్ముడు, 9:58
1472 వెళ్లలేదు. 1464 వెళ్లింది.

రెడింగ్ అన్న, 10:06
దానికి హెడర్ల 28 కలిపితే 1492, మీ ఇంటి లైన్ పీపీపీఓఈ (ప్రతి ప్యాకెట్‌లో కొంత చోటు తనే వాడుకునే రకం) అన్నమాట. దాని మీద వీపీఎన్ తొడుగు కూడా పడితే పెద్ద ప్యాకెట్ పట్టడం లేదు. పట్టలేదని చెప్పే కబురు కూడా దారిలో ఎక్కడో ఆగిపోతోంది. అందుకే చప్పుడు లేకుండా ఆగింది. ప్యాకెట్ సైజు తగ్గించే ఎంఎస్ఎస్‌ఫిక్స్ సెట్టింగ్ 1360 పెట్టాను. ఈసారి నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి లాగి పడేయకు, అది ప్రతి చిన్నదానికీ స్లౌ దాకా వెళ్లి అడిగి వస్తుంది. ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో పంపు, మధ్యలో తెగినా ఆగిన చోటు నుంచి కొనసాగేలా పార్షియల్ ఆప్షన్ పెట్టు.

విజయవాడ తమ్ముడు, 10:19
సెకనుకి 3 ఎంబీ!!!

హౌన్స్లో వదిన, 10:20
అమ్మయ్య. ఇప్పుడు అన్నం తింటా.

విజయవాడ తమ్ముడు, 11:10
8 జీబీ వెళ్లిపోయింది. చెక్‌సమ్ (ఫైలు చెడలేదని చూసే లెక్క) రెండు వైపులా కలిసింది. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.

స్లౌ బాబాయ్, 11:14
పడుకో నాయనా. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. రెడింగ్ అబ్బాయ్, ఇందాక కాస్త గట్టిగా అన్నాను, మనసులో పెట్టుకోకు.

రెడింగ్ అన్న, 11:16
అయ్యో బాబాయ్. ఆ బాక్సు మీ ఇంట్లో ఉండబట్టే కదా ఈ పని జరిగింది.

హౌన్స్లో వదిన, గురువారం సాయంత్రం 6:30
అన్నీ చూశాను. చాలా బాగున్నాయి తమ్ముడూ. ఒక్కటే, మొదటి టైటిల్‌లో ‘పరాభవ నామ’ సరిగ్గానే ఉంది కానీ ‘శ్రీ’లోనూ ‘సంవత్సర’లోనూ వత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. పంచాంగం చదివే పెద్దాయన వెనకే అది పది నిమిషాలు కనపడుతుంది.

విజయవాడ తమ్ముడు, 6:58
ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ ఇంజన్ సౌత్ ఏషియన్‌కి మార్చి మళ్లీ తీశాను వదినా. ఆ ఒక్క క్లిప్పే పంపా, వచ్చేసి ఉండాలి.

హౌన్స్లో వదిన, 7:03
వచ్చింది. వత్తులు కుదిరాయి.

రెడింగ్ అన్న, 7:10
బాబాయ్, పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. రెండిట్లో కాపీ చేసి ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.

స్లౌ బాబాయ్, శుక్రవారం ఉదయం 11:25
ఎల్ఈడీ వాళ్లకి ఇచ్చేశాను. నా ముందే పెట్టి చూశారు, అన్నీ ఆడాయి. రెండో పెన్‌డ్రైవ్ నా జేబులో ఉంది. సౌతాల్ దారిలోనే ఉన్నా, వేపపువ్వు నేనే తీసుకుంటున్నా. ఇంకేమైనా కావాలంటే ఫోన్ చేయండి.