సోవియట్‌ని గోర్బచేవ్ అమ్మేశాడా? మా తాతతో తెగని పంచాయితీ

పాకాల జంక్షన్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఉండి సివిల్స్‌కి చదువుతున్నా. కోచింగ్‌లో రెండు ప్రపంచ యుద్ధాలకి నాలుగు క్లాసులు తీసుకున్నారు, సోవియట్ పతనానికి మాత్రం ఇరవై నిమిషాలు. గ్లాస్‌నోస్త్ (అంటే దాపరికం లేకపోవడం), పెరిస్త్రోయికా (వ్యవస్థని మళ్లీ కట్టడం), 1991 డిసెంబర్ 25న గోర్బచేవ్ దిగిపోవడం, అయిపోయింది, తర్వాతి టాపిక్.

మా ఇంట్లో అయితే ఇది ఇరవై నిమిషాల్లో తెమలదు. తాత ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి, యూనియన్ పనుల మీద బాగా తిరిగినవాడు. అటక మీద ఆయన ట్రంకు పెట్టె ఉంది, దాన్నిండా మాస్కోలో అచ్చేసిన తెలుగు పుస్తకాలు, వాటి కింద సోవియట్ భూమి పత్రికలు. అమ్మ చిన్నప్పుడు బడి పుస్తకాలకి ఆ పేజీలే అట్టలు వేసుకునేవాళ్లంట, కాగితం అంత నున్నగా, గట్టిగా ఉంటుంది. పోయిన వారం పెట్టె దించితే అమ్మ ఆరో తరగతి లెక్కల పుస్తకం బయటపడింది. అట్ట మీద ట్రాక్టర్ నడుపుతూ ఒకామె నవ్వుతా ఉంది, ఆమె నుదుటి మీద నీలం ఇంకుతో అమ్మ పేరు, సెక్షన్.

తాతది ఒకటే మాట, సోవియట్ ఆఖరి నాయకుడు గోర్బచేవ్ దేశాన్ని అమెరికాకి అమ్మేశాడని. ఇంక ఎవర్నీ మాట్లాడనివ్వడు. నా డౌటేమిటంటే, రెండో ప్రపంచ యుద్ధంలో 2 కోట్లకు పైగా జనం పోయినా నిలబడిన దేశం, వేలకొద్దీ అణుబాంబులున్న దేశం, యుద్ధమే లేకుండా ఎట్లా పడిపోయింది? ఒక్కడు అమ్మితే అమ్ముడుపోయేదా? పరీక్షకి చెప్పినట్టు కాకుండా తాతకి చెప్పగలిగేట్టు చెప్పండి.

చంద్రగిరి కోట:
నాయనా, డిగ్రీ పిల్లలకి ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ణి, నన్నడిగితే ముందు డబ్బు సంగతి చూడాలి. వాళ్లు బయటి దేశాలకి చమురు అమ్మేవాళ్లు, ఆ డాలర్లతో గోధుమలు కొనేవాళ్లు. అంత భూమి ఉండి తిండిగింజలు అమెరికా దగ్గర కూడా కొన్నారు, మీ తాతకి ఇది చెప్తే కోపం వస్తుంది గానీ నిజం. 1986లో చమురు ధర దాదాపు సగానికి పడింది. అదే ఏడు ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం. అంతకుముందే, 1979 చివర్నుంచీ, అఫ్ఘానిస్తాన్‌లో ఇరుక్కుని ఉన్నారు, 1989 ఫిబ్రవరిలో బయటపడేసరికి 14 వేల మందికి పైగా సైనికులు పోయారు.

వీటన్నిటికంటే తాతకి తొందరగా ఎక్కేది సారాయి కథ. 1985 మేలో గోర్బచేవ్ మద్యం మీద పడ్డాడు, మంచి ఉద్దేశంతోనే. ఉత్పత్తి తగ్గించాడు, దుకాణాలు మూయించాడు, ద్రాక్షతోటలు కూడా నరికించారు. వోడ్కా మీద వచ్చే రాబడి ఖజానాకి ఎంత పెద్దదో అప్పుడు తెలిసొచ్చింది. జనం ఇళ్లలో కాచుకోవడం మొదలుపెడితే అంగళ్లలో చక్కెర మాయమైంది. మన దగ్గర 1995లో ఎన్టీఆర్ నిషేధం పెట్టినప్పుడు కుప్పం, పలమనేరు వైపు మందుబాబులు కర్ణాటక బస్సెక్కేవాళ్లు గుర్తుందా? నీకు గుర్తుండదులే, మీ తాతకి బాగా గుర్తుంటుంది, టికెట్లు కొట్టింది ఆయనే కదా. రెండేళ్లకే 1997లో చంద్రబాబు ఎత్తేశాడు, అక్కడా అంతే, 1988కల్లా చల్లబడిపోయింది. కాకపోతే మనకి పైన కేంద్రం ఉంది, వాళ్లకి పైన ఎవరున్నారు?

అలిపిరి మెట్లు:
సార్ మీద గౌరవంతోనే చెప్తున్నా, డబ్బుల్లేక దేశాలు విడిపోవు. అట్లా అయితే 1932-33 కరువులోనే ముక్కలయ్యుండాలి. అదే 1991లో మనమూ బంగారం కుదువ పెట్టుకున్నాం, విడిపోయామా?

బ్రదర్, నువ్వు తాతకి రెండు తేదీలు చూపించు. 1991 మార్చి 17న సోవియట్ అంతటా ఓటింగ్ పెట్టారు, యూనియన్ ఉండాలా వద్దా అని. ఆరు రిపబ్లిక్కులు (మన రాష్ట్రాల్లాగా సోవియట్‌లో భాగాలు) మేం జరపం పొమ్మన్నాయి, మిగతా చోట్ల ఓటేసినవాళ్లలో నూటికి 76 మందికి పైగా ఉండాలనే అన్నారు, ఉక్రెయిన్‌లో కూడా 70 మంది దాకా. అదే ఉక్రెయిన్‌లో డిసెంబర్ 1న మళ్లీ ఓటింగ్ పెడితే 90 మందికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. ఎనిమిదిన్నర నెలల్లో జనం ఇంతగా మారిపోయారంటే మధ్యలో ఏదో జరిగుండాలి కదా.

జరిగింది ఆగస్టు 19. పార్టీలో, సైన్యంలో, కేజీబీ అనే గూఢచారి సంస్థలో ఉన్న పెద్దలే గోర్బచేవ్‌ని క్రిమియాలో సెలవు బంగళాలో బంధించి, మాస్కో వీధుల్లోకి ట్యాంకులు దించారు. టీవీలో వార్తలకి బదులు బ్యాలే డ్యాన్స్ వేసుకుంటూ కూర్చున్నారు. ప్రెస్‌మీట్‌లో వాళ్లలో ఒకాయనకి చేతులు వణుకుతుంటే ప్రపంచమంతా చూసింది. (మన పీవీ అయితే తొందరపడి, దూకుడుగా వెళ్లే సంస్కర్తలకి ఇదో హెచ్చరిక అన్నట్టు మాట్లాడి తర్వాత ఇబ్బంది పడ్డాడు.) మూడు రోజుల్లో కుట్ర చెదిరిపోయింది. యూనియన్‌ని కాపాడతామని బయల్దేరినవాళ్లే, ఇంక ఈ మాస్కోతో ఉండలేమని అందరిచేతా అనిపించారు.

ఇంక అమెరికా సంగతి. ఆగస్టు 1న, అంటే ఆ కుట్రకి 18 రోజుల ముందు, అప్పటి అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌కి వెళ్లి, ఆత్మహత్య లాంటి జాతీయవాదం వద్దని ఉక్రెయిన్ వాళ్లకే సుద్దులు చెప్పి వచ్చాడు. అన్ని అణుబాంబులు నాలుగు చేతుల్లో పడతాయేమోనని ఆయన టెన్షన్ ఆయనది. కొనాలనుకున్నవాడు అట్లా మాట్లాడతాడా?

చివరికి తెంచింది డిసెంబర్ 8న, బెలారస్ అడవిలో వేట బంగళాలో కూర్చున్న ముగ్గురు: రష్యా తరఫున యెల్త్సిన్, ఉక్రెయిన్ నుంచి క్రావ్‌చుక్, బెలారస్ నుంచి షుష్కేవిచ్. అంచున ఉన్నవాళ్లు పోతామంటే ఆపొచ్చు, నడి ఇంట్లోవాడు, రష్యానే, వేరుపడతానంటే ఇంక మిగిలేదేముంది. ఆ మాట గోర్బచేవ్‌కంటే ముందు బుష్‌కి ఫోన్ చేసి చెప్పాడు యెల్త్సిన్!

ఇంకోటి, యుద్ధం లేకుండా అన్నావు, అది మాస్కో వరకే. కరబాఖ్ అనే ప్రాంతం కోసం అర్మేనియా, అజర్‌బైజాన్ కొట్టుకున్నాయి, తజికిస్తాన్‌లో 1992 నుంచి 1997 దాకా అంతర్యుద్ధం, తర్వాత రష్యాలోనే చెచెన్యాలో యుద్ధం. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద మొదలుపెట్టిన పెద్ద యుద్ధం కూడా ఆ పంపకాల గొడవే అని నా లెక్క.

పుంగనూరు ఆవు:
పెద్ద పెద్ద విషయాలు నాకు తెలీవు. మా పెదనాన్న అప్పట్లో ఖార్కోవ్‌లో మెడిసిన్ చదివాడు, ఆయన చెప్పింది రాస్తా. 1991 జనవరి 22 రాత్రి 9 గంటల వార్తల్లో 50, 100 రూబుల్ నోట్లు రద్దు అన్నారంట. మార్చుకోవడానికి మూడే రోజులు. పొద్దున్నే బ్యాంకు ముందు మంచులో నిలబడితే, ఈయన ముందున్న ముసలామె చేతిరుమాలులో ముడేసిన నోట్లు విప్పి లెక్కపెట్టి, మళ్లీ ముడేసి, మళ్లీ విప్పి, అదే పనంట. చావుకి దాచుకున్న డబ్బు అని చెప్పిందంట. పెదనాన్న దగ్గర ఉండింది రెండే 50లు. 2016లో మన పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఇంట్లో అందరూ ఏటీఎంకి పరిగెత్తుతుంటే ఆయన మాత్రం చెప్పులు వేసుకోకుండా కూర్చుని, ‘నేనీ సినిమా ముందే చూశాను’ అన్నాడు.

అమ్మేశారా, కూల్చారా అని ఆయన్నీ అడిగాను. వెళ్లేటప్పుడు సోవియట్ వీసా, వచ్చేటప్పుడు ఉక్రెయిన్ సర్టిఫికెట్, మధ్యలో నేను హాస్టల్ గది కూడా మారలేదు అన్నాడు.

పాకాల జంక్షన్:
అందరికీ థ్యాంక్స్. రాత్రి అన్నం తినేటప్పుడు తాతకి మొత్తం చదివి వినిపించాను. సారాయి దగ్గర నవ్వాడు, కర్ణాటక బస్సుల్లో సీట్ల కింద సీసాల గురించి ఆయనే ఇంకో అరగంట చెప్పాడు. బుష్ కీవ్‌లో మాట్లాడింది వినగానే నమ్మలేదు, మళ్లీ చదవమన్నాడు. అడవి బంగళా, ఫోన్ సంగతి వచ్చేసరికి మజ్జిగ గ్లాసు కింద పెట్టి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘అయితే అమ్మింది యెల్త్సిన్‌రా’ అన్నాడు.