ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో బీఏ మీద వచ్చే ఎంఏ: ఎప్పుడు, ఎలా తీసుకోవాలి?

గోదావరి_గట్టు:
అందరికీ నమస్కారం. 2019 అక్టోబర్‌లో కేంబ్రిడ్జిలో చేరి 2022లో బీఏ పట్టా పుచ్చుకున్నవాళ్లు, మళ్లీ చదవకుండా కొన్నేళ్లకి బీఏ మీద వచ్చే ఎంఏకి ఎప్పుడు అప్లై చెయ్యాలి? అక్కడిదాకా వెళ్లకుండా హైదరాబాద్‌లో ఉండే తీసుకోవచ్చా? ఇక్కడ లెక్చరర్ పోస్టుకి అది పీజీ కింద చెల్లుతుందా? ఫొటోల ఖర్చు ఎంతవుతుంది? ఆక్స్‌ఫర్డ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

లెక్కల_మాస్టారు:
కేంబ్రిడ్జిలో మొదటి టర్మ్ ముగిసిన దగ్గర్నుంచి ఆరేళ్లు నిండాలి, బీఏ వచ్చి కనీసం రెండేళ్లు కావాలి. మీ మొదటి టర్మ్ 2019 డిసెంబర్‌తో అయిపోయింది కాబట్టి 2026 నుంచి అర్హులే. ఆక్స్‌ఫర్డ్‌లో మెట్రిక్యులేషన్ (మన పదో తరగతి కాదు, యూనివర్సిటీలో చేరిక) అయిన టర్మ్‌తో కలిపి ఇరవయ్యొకటో టర్మ్ రావాలి. ఏడాదికి మూడు టర్మ్‌లు. 2019 మైకెల్మస్‌లో (అక్టోబర్‌లో మొదలయ్యే టర్మ్) చేరినవాళ్లకి 2026 ట్రినిటీ టర్మ్ (ఏడాదిలో చివరిది) ఇరవయ్యొకటోది. చాలామంది బీఏ వచ్చిన రోజు నుంచి లెక్కేస్తారు, అక్కడే తేడా కొడుతుంది. రెండు చోట్లా మీ కాలేజీ ద్వారానే అప్లై చెయ్యాలి. వెళ్లకుండా కూడా తీసుకోవచ్చు.

నిక్కచ్చి:
పరీక్ష లేదు, థీసిస్ లేదు, క్లాసు లేదు. దాన్ని మాస్టర్స్ అని ఎలా అంటారండీ? 2011లో క్రిస్ లెస్లీ అనే లేబర్ ఎంపీ దీన్ని ఆపాలని బ్రిటన్ పార్లమెంటులో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. మనవాళ్లు పెళ్లి బయోడేటాల్లో ‘ఎంఏ కేంబ్రిడ్జి’ అని రాస్తున్నారు. అవతలివాళ్లు రెండేళ్ల పీజీ అనుకుంటారు. ఇది మోసం.

కేమ్_తీరం:
మోసం అనే మాట వెనక్కి తీసుకోండి. మధ్యయుగాల్లో ఆర్ట్స్ చదువు మొత్తం దాదాపు ఏడేళ్లు. బీఏ అంటే సగం దారి. మాస్టర్ అయ్యాకే పాఠం చెప్పే హక్కు, యూనివర్సిటీలో పూర్తి సభ్యత్వం. ఈ ఎంఏ ఆ సభ్యత్వానికి గుర్తు. కేంబ్రిడ్జిలో ఇప్పటికీ సెనేట్ (పట్టభద్రుల సభ) సభ్యత్వం దీనితో వస్తుంది. 2025 జూలైలో ఛాన్సలర్ ఎన్నిక జరిగి క్రిస్ స్మిత్ గెలిచారు కదా, బీఏ ఒక్కటే ఉన్నవాళ్లకి అందులో ఓటు లేదు. ఎంఏ ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వేశారు.

ఆక్స్_పాతకాపు:
ఆక్స్‌ఫర్డ్‌లో ఆ తేడా లేదు. అక్కడ కాన్వొకేషన్‌లో (పట్టాల వేడుక కాదు, పట్టభద్రుల సభ) బీఏలకీ ఓటుంది. 2024లో విలియం హేగ్‌ని ఛాన్సలర్‌గా ఎన్నుకున్నప్పుడు బీఏలూ వేశారు.

నిక్కచ్చి:
ఓటు సంగతి ఎవరడిగారు? బయోడేటా గురించి మాట్లాడండి.

కేమ్_తీరం:
బయోడేటాలో ‘బీఏ 2022’ అని సబ్జెక్టు, క్లాసుతో రాసి, పక్కన ‘ఎంఏ 2026’ అని సబ్జెక్టు లేకుండా పెడితే అందులో దాచిందేమీ లేదు. ‘ఎంఏ ఎకనామిక్స్’ అని రాస్తే మాత్రం తప్పే, ఈ ఎంఏకి సబ్జెక్టే ఉండదు. ఇంజనీరింగ్, ఫిజిక్స్ చదివినవాళ్లకీ ఎంఏనే ఇస్తారు.

తెనాలి_తమ్ముడు:
ఎడిన్‌బరో ఎంఏ కూడా ఇలాగే ఊరికే ఇచ్చేదే కదన్నా?

లెక్కల_మాస్టారు:
కాదు తమ్ముడూ. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో, గ్లాస్గో, సెయింట్ ఆండ్రూస్, అబర్డీన్‌లలో ఆర్ట్స్ మొదటి డిగ్రీ పేరే ఎంఏ. ఆనర్స్ అయితే నాలుగేళ్లు చదివి, పరీక్షలు రాసి తెచ్చుకునేది. ఊరికే వచ్చిందంటే వాళ్లకి అవమానం. ఈ రెండూ కలిపేసి ఫైళ్లు వెనక్కి కొట్టించుకుంటున్నారు జనం.

ఈక్వివలెన్సీ_రావు:
అందరూ వాదించుకుంటున్నారు గానీ ఉద్యోగం ప్రశ్నకి జవాబు చెప్పలేదు. విదేశీ డిగ్రీల ఫైళ్లు చూడటమే నా పని, కాబట్టి ఇది రాసిపెట్టుకోండి. యూజీసీ నెట్‌కి జనరల్ వాళ్లయితే పీజీలో 55 శాతం చూపించాలి. ఈ ఎంఏకి మార్కుల మెమో ఉండదు, కోర్సు వ్యవధి ఉండదు, క్రెడిట్లు ఉండవు. ఏ కాలమ్ నింపుతారు? 2025 ఏప్రిల్‌లో వచ్చిన యూజీసీ ఈక్వివలెన్స్ (విదేశీ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమని గుర్తించే) నిబంధనల ప్రకారమైనా చదివిన కాలం, క్రెడిట్లు చూపించాల్సిందే. లెక్చరర్ పోస్టు కావాలంటే వేరే మాస్టర్స్ చెయ్యండి. బీఏ పట్టాకి మాత్రం బ్రిటన్ ఫారిన్ ఆఫీస్ అపోస్టిల్ (పత్రం అసలుదేనని ధ్రువీకరించే ముద్ర) వేయించి పెట్టుకోండి, ఎక్కడైనా పనికొచ్చేది అదే.

డల్లాస్_పద్మ:
అమెరికా వాళ్లకి ఒక మాట. హెచ్1బీలో మాస్టర్స్ వాళ్ల 20,000 కోటా అమెరికా యూనివర్సిటీ డిగ్రీలకే, కాబట్టి ఈ ఎంఏ అక్కడ లెక్కలోకి రాదు. ఈబీ2 గ్రీన్‌కార్డుకి కూడా దీన్ని అడ్వాన్స్‌డ్ డిగ్రీ అని పెట్టకండి. బ్యాచిలర్స్ తర్వాత బాధ్యతలు పెరుగుతూ వచ్చిన ఐదేళ్ల ఉద్యోగ అనుభవం చూపించే దారి వేరే ఉంది, అందులో వెళ్లండి.

ట్రినిటీ_గాలి:
డబ్లిన్ ట్రినిటీని మర్చిపోయారు. అక్కడ బీఏ తర్వాత మూడేళ్లు చాలు, కానీ ఫీజు కట్టాలి. ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ఆడవాళ్లకి పరీక్షలు పెట్టినా డిగ్రీలు మాత్రం ఇచ్చేవి కావు. 1904 నుంచి 1907 దాకా వాళ్లు ఓడెక్కి డబ్లిన్ వెళ్లి ట్రినిటీలో పట్టాలు తెచ్చుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ 1920లో, కేంబ్రిడ్జి 1948లో గానీ ఇవ్వలేదు. సంప్రదాయం అని పొగిడేముందు ఇదీ గుర్తుండాలి.

తెనాలి_తమ్ముడు:
మన వి.వి. గిరి గారిది కూడా ట్రినిటీయేనా?

ట్రినిటీ_గాలి:
కాదు, డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ. అది వేరే సంస్థ.

సెనేట్_హౌస్_గడప:
పట్టా వేడుకకి వెళ్లేవాళ్లు ఇది చూసుకోండి. కేంబ్రిడ్జిలో ఎంఏ గౌన్ అద్దెకి తీసుకోకండి. అప్పటికి చేతిలో ఉన్న డిగ్రీ గౌన్, రాబోయే డిగ్రీ హుడ్ (వీపు మీద వేలాడే గుడ్డ) వేసుకోవాలి. అంటే బీఏ గౌన్ మీద ఎంఏ హుడ్, నల్లగుడ్డకి తెల్ల సిల్కు లైనింగ్. తెల్ల బొచ్చు లైనింగ్ ఉన్నది బీఏ హుడ్, షాపులో మారిపోతుంది, విప్పి చూసుకోండి. నలుగురు చొప్పున ముందుకెళ్లి ప్రేలెక్టర్ (కాలేజీ తరఫున మిమ్మల్ని ముందుకు తీసుకెళ్లే ఆయన) కుడిచేతి వేళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటి పట్టుకోవాలి. ఆయన లాటిన్‌లో మీ అర్హత చెప్పాక, ఒక్కొక్కరే వైస్ ఛాన్సలర్ ముందు మోకరిల్లాలి. చీరైనా లుంగీ పంచైనా ముందే కాలేజీని అడగండి, గుమ్మం దగ్గర ఆపితే చేసేదేం లేదు.

ఇంటిపేరు_ముందు:
పేరు గురించి ఎవరూ రాయలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి, బీఏ పట్టాలో ఇనిషియల్‌తో ఉంటే ఎంఏ మీద కూడా ఇనిషియలే పడుతుంది. కాలేజీకి అప్లికేషన్ పంపేముందే పేరు మార్పిడి కాగితాలు పంపి రికార్డు సరిచేయించండి. సర్టిఫికెట్ అచ్చయ్యాక తిరగరాయించుకోవడం పెద్ద తలనొప్పి.

నిక్కచ్చి:
రావు గారు చెప్పింది మరోసారి చదవండి అందరూ. మెమో లేని ఎంఏకి బయోడేటాలో చోటెందుకు?

గోదావరి_గట్టు:
ఓటు కోసమైనా తీసుకుంటానండి. కాలేజీకి ఈ వారమే మెయిల్ పెడుతున్నా, పేరు సంగతి ముందు చూస్తాను. ఫొటోల ఖర్చు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.