తాతయ్య పేపర్ కటింగులు, లామినేషన్ చేయించొచ్చా?

బందరు_లడ్డు:
మా తాతయ్య ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున పాత పేపర్ కటింగులు దొరికాయండీ. 1977 దివిసీమ ఉప్పెనవి, 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుద్దని జనం హడలిపోయినప్పటివి, 1983లో కపిల్ దేవ్ కప్పు పట్టుకున్నది, మధ్యలో రెండు వంకాయ కూరల వంటకాలు కూడా ఎందుకో మరి 😀 ఉప్పెనది మడత దగ్గర అప్పడంలా విరుగుతోంది, అంచులేమో డికాషన్ రంగు, ముట్టుకుంటే వేళ్ళకి పొడి. జిరాక్స్ షాపులో అడిగితే లామినేషన్ చేసిస్తా అన్నాడు, చేయించేయనా?

అటకమీదిపెట్టె:
వద్దండీ బాబూ! ఒకసారి వేడికి ప్లాస్టిక్ అంటుకుంటే ఇక ఊడదు. న్యూస్‌ప్రింట్ అంటే చెక్కని నూరిన గుజ్జు, అందులో లిగ్నిన్ (చెక్క నారల్ని అంటిపెట్టుకునుండే పదార్థం) అలాగే ఉండిపోద్ది, వెలుతురూ గాలీ తగిలేకొద్దీ పసుపెక్కుద్ది, లోపల యాసిడ్ పుట్టి నారలు తెగి పెళుసైపోద్ది. లామినేషన్ చేసినా ఆ యాసిడ్ లోపలే కదా ఉండేది. ముందు రెండువైపులా స్కాన్ చేసుకోండి, తర్వాత పాలియెస్టర్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో మడవకుండా పరచండి, పీవీసీ ఫైళ్ళు వద్దు. సెల్లోటేప్ అసలొద్దు, నాన్న ఫొటో పడ్డ కటింగుకి నేనే వేశా, టేపు ఎండి రాలిపోయింది కానీ ఆయన మొహం మీద గోధుమరంగు చార అలాగే ఉంది.

సగంవార్త:
రెండువైపులా అన్న మాట మర్చిపోకండి. నాకైతే వెనకవైపే ఇష్టం, ఎవరూ దాచుదామనుకోకుండా మిగిలింది అదేగా. అమ్మ దాచిన ముగ్గుల కటింగు వెనక సినిమా ప్రకటన ఉంది, హీరో సగం మొహం, "రోజూ 4 ఆట" దగ్గర కత్తెర పడింది.

కంపోజిటర్‌గారబ్బాయి:
వెనక్కి తిప్పి, అచ్చు లేని ఖాళీ చోట వేలితో మెల్లిగా తడమండి, సీసం అక్షరాల నొక్కు తగలొచ్చు. సీసం అక్షరాలు నొక్కే పని లేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక అంతా నున్నగా అయిపోయింది. చేత్తో కూర్చిన రోజుల్లో వత్తులు విడి ముక్కలు, కాస్త జారితే వత్తొక చోట అక్షరమొక చోట, నాన్న అవి చూసి ఇప్పటికీ విసుక్కుంటాడు, నాకేమో ముచ్చటేస్తుంది. ఫొటో మీద భూతద్దం పెట్టండి, మొత్తం చుక్కలే.

బందరు_లడ్డు:
తడిమానండీ, నిజంగానే తగులుతున్నాయి! ఉప్పెన కటింగు వెనక సైకిళ్ళ ప్రకటన సగం ఉంది, పక్కన తాతయ్య పెన్సిలుతో 22-11-77 అని వేసుకున్నాడు, ఇన్నాళ్ళూ చూళ్ళేదు. లామినేషన్ క్యాన్సిల్. వంటకాల వెనక ఏముందో రేపు చూసి పెడతా.