హన్మకొండకు తెచ్చుకున్న 2016 ఆడీ టీటీ: ముందుగా ఏం చూడాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా కూడబెట్టిన డబ్బుతో గత నెలలో హైదరాబాద్‌లో 2016 నాటి ఆడీ టీటీ కారు కొన్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 హార్స్‌పవర్, ఆరు గేర్ల ఎస్ ట్రానిక్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు), క్వాట్రో (నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు). ఇప్పటికి 52,000 కిలోమీటర్లు తిరిగింది. 38,000 వరకు సర్వీసు బిల్లులు ఉన్నాయి కానీ ఆ తర్వాత ఏం చేయించారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. పైగా గత రెండేళ్లు కారు ఎక్కువగా షెడ్డులోనే నిలిచి ఉందని అమ్మినాయనే చెప్పారు. జనగామ మీదుగా ఇంటికి వచ్చేటప్పుడు ఎంతో హాయిగా నడిచింది. ఊళ్లో ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు మాత్రం మొదటి, రెండో గేర్ల మధ్య సన్నని కుదుపు తెలుస్తోంది. వారానికొకసారి పాకాల వైపో, రామప్ప వైపో తీసుకెళ్తాను. ఎండలు ముదిరేలోగా హైదరాబాద్‌లో తప్పక చేయించాల్సినవి ఏవి, ఇక్కడే నేను చూసుకోగలిగినవి ఏవి?

సమాధానం (కాజీపేట నుంచి)

తమ్ముడూ, మంచి కారు కొన్నారు. నా అనుభవంలో పాత కారు విషయంలో ఒక్కటే పద్ధతి: బిల్లు లేని పని జరగనట్టే లెక్క. ఆ లెక్కన ఇంజన్ ఆయిల్, ఫిల్టరు, బ్రేక్ ఆయిల్ ఇప్పుడే మార్పించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని, తక్కువ వేడికే మరిగే స్థితికి వస్తుంది కాబట్టి కారు కదలకుండా ఉన్నా రెండేళ్లకోసారి మార్చాలి.

మీరు చెప్పిన కుదుపు సంగతి. ఈ గేర్‌బాక్సులో రెండు క్లచ్‌లూ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. వాటిని చల్లబరిచేదీ, గేర్లు అరిగిపోకుండా కాపాడేదీ, గేర్లు మార్చడానికి కావలసిన ఒత్తిడిని ఇచ్చేదీ ఆ ఒక్క ఆయిలే. 60,000 కిలోమీటర్లకు మార్చమంటారు గానీ, పదేళ్ల వయసును బట్టి మీరు అంతవరకు ఆగకండి. ఆయిల్ ఉష్ణోగ్రత 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే దాని మట్టం చూడాలి, అందుకు కారు కంప్యూటరు నుంచి ఆ ఉష్ణోగ్రతను చదివే స్కానర్ కావాలి. స్కానర్ లేని షెడ్డులో అంచనా మీద పోయించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ట్రాఫిక్‌లో అడుగడుగునా ముందుకు పాకించకుండా, ముందున్న బండికి కొంత ఎడం వచ్చాక కదిలితే క్లచ్‌ల మీద భారం తగ్గుతుంది.

చాలామంది మరచిపోయేది వెనుక ఇరుసుకు శక్తిని పంపే హాల్డెక్స్ భాగం. దాని ఆయిల్ మూడేళ్లకోసారి మార్చాలి. అయితే ఆయిల్ ఒక్కటే మార్చి పంపిస్తే సగం పనే అయినట్టు. లోపలి క్లచ్ పలకల నుంచి రాలే పొడి పంపు జల్లెడకు పట్టుకుంటుంది, అది పూర్తిగా పూడుకుపోతే పంపు దెబ్బతిని మీ క్వాట్రో ముందు చక్రాల కారుగా మిగులుతుంది. పంపు ఊడదీసి జల్లెడ కడగమని నోటితో కాదు, జాబ్ కార్డులో రాయించండి.

సమాధానం (కరీంనగర్ నుంచి)

ఆయిళ్ల గురించి పై మిత్రులు చక్కగా వివరించారు కాబట్టి మన ప్రాంతానికి సంబంధించినవి చెబుతాను. కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు కదా, ఆ పొట్టూ దుమ్మూ బంపరు వెనుక రేడియేటర్‌కూ, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ పట్టుకుని గాలిని అడ్డుకుంటాయి. సీజను అయిపోగానే మెత్తటి నీటి ధారతో కడిగించండి. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గితే బోరు నీళ్లు మాత్రం పోయనివ్వకండి. ఒక షెడ్డులో నా కారుకు అలాగే పోశారు, మన నీళ్లలోని సున్నం లోపల పేరుకుపోయి మొత్తం వ్యవస్థను కడిగించాల్సి వచ్చింది.

కారు రోజుల తరబడి నిలిచి ఉంటుందంటున్నారు కాబట్టి ఎలుకల భయం ఉంది. వారం మధ్యలో ఒకసారి బానెట్ ఎత్తి వైర్లు చూడండి. పెట్రోల్ 95 ఆక్టేన్‌ది పోయించండి, ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంచకండి.

టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3516 అంటే 2016లో 35వ వారం తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా పాత రబ్బరు గట్టిపడి, తడి రోడ్డు మీద పట్టు వదులుతుంది. ఇంత వేగంగా పోయే కారుకు ఈ ఒక్క పరీక్ష ఈరోజే చేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇప్పుడే టార్చి పట్టుకుని చూశాను. ముందు టైర్లు 2022లో తయారైనవి, వెనుకవి 2017వి. వెనుక రెండూ మారిస్తే సరిపోతుందా?

సమాధానం (కాజీపేట నుంచి)

క్వాట్రోకు సరిపోదు తమ్ముడూ. ముందు వెనుక టైర్ల అరుగుదలలో తేడా ఎక్కువైతే వాటి చుట్టుకొలతలు వేరవుతాయి. చక్రాల వేగంలో తేడా వచ్చి హాల్డెక్స్ మీద అనవసరంగా భారం పడుతుంది. ముందు టైర్లు కొత్తవాటికి దాదాపు సమానంగా ఉంటేనే వెనుకవి మాత్రం మార్చండి, అదీ అదే కంపెనీ, అదే రకం దొరికితేనే. లేదంటే ఖర్చయినా నాలుగూ ఒకేసారి మార్పించండి.

ప్రశ్న అడిగినవారు

కొలిచి చూస్తే ముందు టైర్లు సగానికి పైగా అరిగిపోయాయి, కాబట్టి నాలుగూ మార్పిస్తున్నాను. గేర్ ఆయిల్, హాల్డెక్స్ పనులకు శనివారం హైదరాబాద్‌లో సమయం ఇచ్చారు. ఊడదీసిన జల్లెడను నాకు చూపించాకే తిరిగి బిగించమని అడిగాను, ఒప్పుకున్నారు. అప్పటిదాకా కారు బయటికి తీయను.