ఆటోఇమ్యూన్ జబ్బులకు మూలం ఇన్ఫెక్షన్లేనా?

చర్చ మొదలుపెట్టినవారు:
ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత కణాల మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులన్నిటి వెనకా ఏదో ఒక ఇన్ఫెక్షన్ ఉంటుందని కొందరు గట్టిగా చెబుతున్నారు. నాకది అతి అనిపిస్తోంది. జలుబో జ్వరమో రాని మనిషి ఎవరున్నారు? జబ్బు బయటపడ్డాక వెనక్కి తిరిగి వెతికితే ఏదో ఒకటి దొరకక మానదు.

మైక్రోబయాలజీ విద్యార్థిని:
"అన్నిటి వెనకా" అన్న మాట తీసేస్తే మీతో పేచీ లేదండీ. కానీ రుమాటిక్ జ్వరం సంగతి చూడండి. స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతునొప్పి వచ్చి తగ్గిపోతుంది. రెండు మూడు వారాలయ్యాక కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఆ బ్యాక్టీరియా మీదుండే ఎం ప్రోటీన్‌కీ, గుండె కండరంలోని మయోసిన్‌కీ పోలికలున్నాయి. దానికోసం తయారైన యాంటీబాడీలు దీన్నీ పట్టుకుంటాయి. గొంతునొప్పి దశలోనే పెన్సిలిన్ ఇస్తే ఈ జ్వరం చాలావరకు రానే రాదు. రుజువంటే ఇదే కదా!

న్యూరో వార్డు నర్సు:
రక్షణ వ్యవస్థ నరాల మీద దాడి చేసే గులియన్ బారే సిండ్రోమ్ కూడా అంతే. కాళ్లలో తిమ్మిరితో మొదలై, మెట్లెక్కలేక, ఒక్కోసారి ఊపిరి తీసుకోవడమే కష్టమయ్యేదాకా పోతుంది. అందుకే ఈమధ్య విరేచనాలయ్యాయా అని తప్పకుండా అడుగుతాం. విరేచనాలు కలిగించే క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా పైపొర, నరాల మీదుండే గ్యాంగ్లియోసైడ్లనే కొవ్వు పదార్థాలను పోలి ఉంటుంది.

చర్చ మొదలుపెట్టినవారు:
ఈ రెండిటి విషయంలో నాకు అనుమానం లేదు. మరి మెదడు, వెన్నుపాములోని నరాల తొడుగు దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్? దానికి కారణమంటున్న ఎప్‌స్టీన్ బార్ వైరస్ పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఉంటుంది. జబ్బు మాత్రం ఏ కొద్దిమందికో. అందరిలో ఉన్నదాన్ని దోషి అంటే ఎలా?

మైక్రోబయాలజీ విద్యార్థిని:
అందుకే 2022లో వచ్చిన అమెరికా సైనికుల అధ్యయనం ముఖ్యం. జబ్బుపడ్డ 801 మందిలో మొదట 35 మందికి ఈ వైరస్ లేదు. వాళ్లలో 34 మందికి జబ్బు మొదలయ్యేలోపే అది సోకింది. సోకాక ముప్పు 32 రెట్లు పెరిగింది. అదే కుటుంబానికి చెందిన సైటోమెగలో వైరస్‌తో అలా పెరగలేదు. వైరస్ ఒక్కటే చాలదు, నిజమే. జన్యువులూ, పొగతాగడం లాంటివీ కలవాలి. కానీ అది లేకుండా జబ్బు దాదాపుగా రావడం లేదు.

మరో సభ్యుడు:
అసలు వదిలేస్తున్నది ఇంకోటుంది. టైప్ 1 డయాబెటిస్ కూడా ఆటోఇమ్యూన్ జబ్బే. అది తేలిగ్గా వచ్చే ఎన్‌ఓడీ జాతి ఎలుకలను జబ్బు క్రిములు సోకని శుభ్రమైన చోట పెంచితే ఆ జబ్బు ఇంకా ఎక్కువ. అంటే కొన్ని ఇన్ఫెక్షన్లు కాపాడుతున్నాయేమో కూడా చూడాలి.

చర్చ మొదలుపెట్టినవారు:
ఎలుకల ఫలితాన్ని మనుషులకు అంటగట్టడానికి తొందరపడను. ఎప్‌స్టీన్ బార్ టీకాలు ఇంకా ప్రయోగ దశలో ఉన్నాయి. టీకా వేసుకున్నవాళ్లలో మల్టిపుల్ స్క్లెరోసిస్ తగ్గితే, అప్పుడు ఆ వైరస్సే కారణమని నేనూ అంటాను.