డీవియేషన్లు ఎక్కువ రాసిన షిఫ్టు మంచి టీమా, చెడ్డ టీమా?

నైట్‌షిఫ్ట్ రణస్థలం:
పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో ప్రొడక్షన్‌లో చేస్తున్నాను, పేరు అడక్కండి. మా బ్లాకులో ఈసారి 'బెస్ట్ టీమ్' బహుమతి బీ షిఫ్టుకిచ్చారు. వాళ్ల డీవియేషన్లు, అంటే రాసిపెట్టిన పద్ధతి తప్పిన సందర్భాలు, అందరికంటే తక్కువట. మా ఏ షిఫ్టు వాళ్లం చిన్నదానికీ పెద్దదానికీ రాస్తాం. అందుకే అట్టడుగున ఉన్నాం. రాయడమే తప్పా?

చీపురుపల్లి సూపర్‌వైజర్:
తమ్ముడూ, రాసిన ప్రతిదానికీ విచారణ, మూలకారణం, క్యూఏ (నాణ్యత చూసే విభాగం) సంతకాలు. అప్పటిదాకా బ్యాచ్ కదలదు. డిస్పాచ్ ఆగితే తిట్లు తినేది మేము. తప్పు చేయనిదే మంచి టీమ్. చేసి నీట్‌గా రాసేది కాదు.

క్యూఏ అక్క:
అన్నయ్యా, తప్పు చేయనివాళ్లూ, చేసి రాయనివాళ్లూ కాగితం మీద ఒకేలా కనిపిస్తారు. చిక్కంతా అక్కడే. 1990ల్లో హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు పరిశీలించారు. మంచి టీములకు తక్కువుంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ తేలాయి. ఆరా తీస్తే, అక్కడి నర్సులు భయపడకుండా చెప్పుకుంటున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు. 1996లో అచ్చయింది. గూగుల్ 2012లో మొదలుపెట్టి తన 180 టీములను చూసినప్పుడూ, మంచి టీముల లక్షణాల్లో ఈ భయం లేకపోవడమే ముందు వరసలో నిలిచింది.

అంత దూరం ఎందుకు, డ్రయ్యర్ (మందు ఆరబెట్టే యంత్రం) వేడి ఎంతుందో రాసే లాగ్ చూడండి. ఒక షిఫ్టులో 57, 59, 58, మధ్యలో ఒకసారి 64, పక్కన ఆపరేటర్ వివరణ. ఇంకో షిఫ్టులో రాత్రంతా గంటగంటకూ 58, 58, 58. ఒకే పెన్ను, ఒకే ఒరవడి. ఏ డ్రయ్యరండీ అంత బుద్ధిమంతురాలు? ఇన్‌స్పెక్షన్‌కొచ్చినవాళ్లు ముందు పట్టుకునేది ఆ రెండో పేజీనే.

ఎచ్చెర్ల కుర్రాడు:
నేను కాంట్రాక్టు లేబర్. మొన్న డ్రమ్ము లేబుల్ మీద బ్యాచ్ నంబరు తేడాగా ఉంటే ఇన్‌చార్జి చెవిన వేశాను. గప్‌చుప్‌గా మార్పించేశారు, ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. మా షిఫ్టు రికార్డు శుభ్రం. పర్మినెంటు వాళ్లు రాస్తే మెమో వస్తుందేమో. రాయండని మేం అడిగితే మర్నాడు గేటు పాసు ఉంటుందా?

చీపురుపల్లి సూపర్‌వైజర్:
అది నిజమే, కాదనను. కానీ అక్కా, ఆ ఆసుపత్రి లెక్కలో ఉన్నవి బయటపడ్డ పొరపాట్లే కదా, అసలు జరిగినవి ఎన్నో ఎవరికి తెలుసు? రేపు ఎక్కువ రాసినవాళ్లకే బహుమతంటే పెన్ను మూత పడిపోయినా రాస్తారు మనవాళ్లు!

క్యూఏ అక్క:
ఒప్పుకుంటా. అందుకే సంఖ్యను రెండు వైపులా కొలబద్ద చేయొద్దంటున్నాను. ఎవరు పట్టుకున్నారో చూడండి. షిఫ్టులోనే, అప్పటికప్పుడు ఆపరేటరే పట్టుకుంటే ఆ టీము మేలుకొని ఉన్నట్టు. వారం తర్వాత ల్యాబులో ఫలితం తప్పితే గానీ బయటపడలేదంటే అది వేరే కథ. అదే తప్పు మళ్లీ వస్తే, రాసినా రాయకపోయినా ఆ టీము ఏమీ నేర్చుకోలేదనే. ఇక ఎచ్చెర్ల తమ్ముడూ, కాంట్రాక్టువాళ్ల పేరు పడకుండా ఇన్‌చార్జి పేరుతో నమోదు చేసే వీలుందేమో మీ క్యూఏని అడుగు. పాసు పోతుందనే భయం ఉన్నన్నాళ్లూ ఏ బహుమతీ పనిచేయదు.

నైట్‌షిఫ్ట్ రణస్థలం:
'ఎవరు పట్టుకున్నారు' అనే కాలమ్ పెట్టమని అడుగుతాను. బీ షిఫ్టువాళ్లకు కోపం వస్తుందేమో.

చీపురుపల్లి సూపర్‌వైజర్:
కాలమ్ పెట్టించు, నేనూ సంతకం పెడతా. మరి బ్యాచ్ ఆగిన రోజు ప్లానింగు వాళ్లకి ఫోన్ చేసేది నువ్వేనా?