మహమ్మారి వేళ రోగి ఇంటి తలుపుకు నోటీసు అంటించడం న్యాయమేనా?

తిరుచానూరు వాసి:
2020లో మా వీధిలో ఒకరికి కరోనా అని తేలిన పూటే వీధి మొదట్లో సరుగుడు కర్రలు అడ్డం కట్టి, బ్లీచింగ్ పౌడర్ చల్లి, ఆ ఇంటి తలుపుకు నోటీసు అంటించారు. కర్రల మీద నాకు ఆక్షేపణ లేదు. నోటీసు చూశాక పాలు పోసే మనిషి ఆ గడప తొక్కడం మానేశాడు. రోగికి నయమై, ఆ కాగితం సగం చిరిగి వేలాడుతున్నప్పుడు కూడా ఆ ఇంటి పిల్లలను ఎవరూ ఆటకు పిలవలేదు. విపత్తు నిర్వహణ చట్టం కింద అధీకృత అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప ఇలాంటి నోటీసులు అంటించరాదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 9న చెప్పేనాటికి జరగవలసిన అవమానం జరిగిపోయింది. మరో మహమ్మారి వచ్చేలోగా దీన్ని చట్టంలోనే నిషేధించాలి.

చిత్తూరు విశ్రాంత ఆరోగ్య ఉద్యోగి:
మీ ఆవేదన అర్థమైంది. అయితే జ్వరం దాచిపెట్టి పెళ్లిళ్లకూ కర్మాంతరాలకూ వెళ్లినవారిని నేను చూశాను. ఏ ఇంట్లో రోగి ఉన్నదీ తెలియకుండా సర్వేకు గడప గడపా తిరిగే ఆశా కార్యకర్త ప్రాణానికి హక్కు లేదా? 2020 మార్చిలో శ్రీవారి దర్శనమే ఆగితే భక్తులు జూన్ దాకా ఓర్చుకున్నారు కదా!

తిరుచానూరు వాసి:
అయ్యా, దర్శనం అందరికీ ఒక్కలాగే ఆగింది. నోటీసు ఒక్క ఇంటినే వేలెత్తి చూపింది. ఆశా కార్యకర్తకు కావలసిన సమాచారం ఆమె చేతి జాబితాలో ఉంటే చాలు, దారిన పోయేవారందరికీ తెలియనక్కరలేదు. పైగా తలుపు మీద కాగితం పడుతుందన్న భయమే జ్వరం దాచేలా చేస్తుంది. 44వ రాజ్యాంగ సవరణ తరువాత అత్యవసర పరిస్థితిలో సైతం ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. 2020లో అత్యవసర పరిస్థితి ప్రకటన కూడా లేదు. ప్లేగు నాటి 1897 అంటువ్యాధుల చట్టం సదుద్దేశంతో పనిచేసిన అధికారిపై దావా వేయకుండా కాపాడింది, దానికి 2020లో చేసిన సవరణ వైద్య సిబ్బందిపై దాడి చేసేవారికి శిక్ష పెట్టింది. రెండూ అవసరమే కావచ్చు. రోగి పరువుకు మాత్రం అందులో ఒక్క వాక్యమూ లేదు.

చిత్తూరు విశ్రాంత ఆరోగ్య ఉద్యోగి:
జాబితా మాట బాగుంది. కానీ వాట్సాప్ గ్రూపుల్లో రోగుల పేర్లు తిరిగింది కూడా అలాంటి జాబితాల నుంచే. దాన్ని బయటపెట్టినవారికి, వారు మా శాఖవారైనా సరే, ఏ శిక్షో చట్టంలో రాయించండి. అప్పుడు మీ పద్ధతికి ఒప్పుకుంటాను.